నాన్నగారి తల్లి పేరు

పన్నెండేళ్ళ కాపురంలో శశికాంత్ మొదటిసారి ఉమని వాళ్ళ తాత పేరు అడిగాడు. అప్పుడామె చేతులు రెండూ రొయ్యల్లో ఉన్నాయి.

"ఉమా, మీ తాత పేరుకి స్పెల్లింగేంటి?" అని హాల్లోంచి కేకేశాడు.

ఆమె ఒక రొయ్య తల తుంచి, వీపున నల్లనరం లాగబోతూ ఆగిపోయింది. సరిగ్గానే విన్నానా అనుకుంటూ కుళాయి కట్టేసింది.

"ఏ తాత?"

"మీ నాన్నకి నాన్న. ఆ దొర."

సోఫాలో కూర్చుని పాత వారపత్రిక తిరగేస్తున్న అత్తగారు మంగతాయారు తలెత్తి కొడుకు వంక చూసింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. అనకూడదని ఎవరూ చెప్పింది లేదు. అత్తవారి ఊరు తెనాలిలో పెళ్ళి మాటలనాడు మొదలైన ఆ నియమం, స్టీలు డబ్బాలతోనూ ఇత్తడి కుందులతోనూ పాటే, సింగపూరులో బుకిట్ పంజాంగ్ తొమ్మిదో అంతస్తు ఫ్లాటు దాకా వచ్చేసింది.

"జేమ్స్ కాస్టిగన్" అంది ఉమ. తడిచేతులు చీరకి తుడుచుకుని వచ్చి, ఒక్కొక్క అక్షరమే చెప్పింది. శశికాంత్ కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్నాక తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు, అవేవో కొత్తగా మొలిచినట్టు.

ఉమ కళ్ళు బూడిదరంగులో ఉంటాయి. ఎండలో నిలబడితే పచ్చటి జీర కూడా కనిపిస్తుంది. నౌపడా పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసిన వాళ్ళ నాన్న సింహాచలానివీ అవే కళ్ళు. స్టాంపులకి వచ్చిన కొత్తవాళ్ళు కిటికీలోంచి ఆ కళ్ళు చూసి ఒక్క క్షణం తడబడేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళకి మామూలే. ఆ ఊరంతా ఉప్పుమళ్ళు. తెల్లవాళ్ళ కాలంలో ఉప్పుశాఖ ఇన్‌స్పెక్టరుగా వచ్చి బంగళాలో ఉన్న ఐర్లండు మనిషికీ, ఆ బంగళాలో పనిచేసిన బాలనాగమ్మకీ పుట్టినవాడు సింహాచలం అని ఊరందరికీ తెలుసు. ఎంత తెలుసంటే, ఇక దాని గురించి మాట్లాడుకునే ఓపిక ఎవరికీ లేదు.

తెనాలిలో అలా కాదు. వాల్తేరు యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో శశికాంత్ ఆ కళ్ళు చూసే ఉమని ఇష్టపడ్డాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని ఇంట్లో పట్టుబట్టాడు. పెళ్ళయ్యాక అవే కళ్ళ గురించి ఎవరైనా అడిగితే, "చిన్నప్పుడేదో విటమిన్ తక్కువై అలా అయిపోయాయి" అని చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి విన్నప్పుడు ఉమకి నవ్వొచ్చింది. పదోసారి విన్నప్పుడు ఆ విటమిన్ పేరేమిటో అడగాలనిపించింది. కూతురు ప్రణవి పుట్టిన రోజున ఆసుపత్రిలో మంగతాయారు పసిదాని రెప్పలు వేళ్ళతో విప్పి చూసి, "నా తండ్రే, నల్లవే! మావాడి కళ్ళే!" అని దండం పెట్టుకుంది. కుట్లు వేయించుకుని పడుకున్న ఉమకి, తాను ఏదో పరీక్ష అత్తెసరు మార్కులతో గట్టెక్కినట్టు అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

పెళ్ళికి మంగతాయారు పెట్టిన షరతు ఒక్కటే. ముసలామె పందిట్లోకి రాకూడదు. గోత్రం సంగతి పురోహితుడు చూసుకున్నాడు. తెలియనివాళ్ళందరికీ కాశ్యపమేనంటూ తేలిగ్గా మంత్రంలో కలిపేశాడు. బాలనాగమ్మ సంగతి ఏ మంత్రంలోనూ కలవలేదు. ఆమె వెనకవైపు వంటవాళ్ళ దగ్గర కూర్చుంది. తలంబ్రాలయ్యాక మగపెళ్ళివారి బంధువొకామె అటు చూసి, "ఎవరావిడ, పెళ్ళికూతురికేసే చూస్తోంది?" అని అడిగితే మంగతాయారు, "వాళ్ళింట్లో పనిచేసే ముసల్ది లెండి" అంది. ఉమ విన్నది. నుదుటి మీద బాసికం ఉంది, తల వంచుకునే ఉంది. సాయంత్రం చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కి వెళితే బాలనాగమ్మ ఆమె చీర అంచు పట్టుకుని చూసి, "బాగుందే గుంటా, నీకు బాగా ఒప్పింది. ఈ వంటోల్లు మంచోల్లే, నాకు కూకోడానికి పీటేసినారు" అంది. ఆ మాటకి ఉమ ఏడవలేదు. ఏడిస్తే కాటుక చెదిరిపోతుందని పక్కన నిలబడ్డ ఆడపడుచు ముందే చెప్పింది.

ఇప్పుడు తాత పేరు ఎందుకు కావలసివచ్చిందో ఆ సాయంత్రం భోజనాల దగ్గర తెలిసింది. శశికాంత్ పనిచేసే కంపెనీ సైన్స్ పార్క్‌లో రెండేళ్ళ క్రితం పెద్ద హంగామాతో మొదలైంది. అప్పుడు శుక్రవారం శుక్రవారం పార్టీలే. రెండువేల ఒకటి వచ్చేసరికి ప్రతి శుక్రవారం ఇద్దరు ముగ్గురు ఉద్యోగం పోయి, అట్టపెట్టెలు పట్టుకుని లిఫ్టు ఎక్కుతున్నారు. అతని స్నేహితుడు గోపీకృష్ణ ఒక సంగతి మోసుకొచ్చాడు. తాతో నాయనమ్మో ఐర్లండులో పుట్టి ఉంటే మనవలకి ఆ దేశపు పాస్‌పోర్టు ఇస్తారు. భార్యకి వస్తే భర్తకీ దారి దొరుకుతుంది. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి.

"మరి నువ్వే చూడాలి. నెట్‌లో చర్చి రికార్డులు పెట్టారంట, వాళ్ళ బంధువులెవరైనా ఉంటే దొరుకుతారు. నీకు పగలంతా ఖాళీయేగా" అన్నాడు శశికాంత్.

ఖాళీ. ఉమ రొయ్యల కూర అతని కంచంలో వడ్డిస్తూ ఆ మాట గురించి ఆలోచించింది. అయిదున్నరకి లేచి ముగ్గురికి మూడు రకాల టిఫిను, మంగతాయారుకి ఉప్పు తగ్గించి, ప్రణవికి కారం తగ్గించి, అతనికి ఏదీ తగ్గించకుండా. బట్టలు కర్రలకి గుచ్చి కిటికీ బయటకి చాపడం, వాన చినుకు పడగానే పరుగెత్తి లాగడం, ఈ ఊళ్ళో వాన అడిగి రాదు. ఇవి కాక అతను ఆఫీసు నుంచి తెచ్చే పరీక్షల పట్టికలు. ఏ మీట నొక్కితే ప్రోగ్రాం ఏం చేయాలి, ఏం చేసింది, తేడా ఏమిటి. డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఆమె నొక్కి చూసి నింపేది, చివర్న అతని పేరు పెట్టేది. పోయినేడు అతనికి ఆఫీసులో మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. దానికి చట్రం కట్టించి టీవీ పైన పెట్టారు. దాని మీద దుమ్ము తుడిచేది కూడా ఆమే. ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చిన ఆమె పాసులో మాత్రం డిపెండెంట్ అని ఉంటుంది.

అయినా ఆ వెతుకులాట మొదలుపెట్టాక ఆమెకి తెలియని ఆత్రం పట్టుకుంది. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పనే చేసింది. ఇప్పుడు మొదటిసారి తనకోసం. మధ్యాహ్నాలు ఫోను తీగ తీసి కంప్యూటరుకి తగిలిస్తే అది గరగరలాడి, కూసి, ఎక్కడికో కలిసేది. ఓడల్లో వచ్చిన వాళ్ళ జాబితాలు చూసింది. ఉప్పుశాఖ ఉద్యోగుల పుస్తకం ఎవరో టైపు చేసి పెట్టారు, అందులో నౌపడా అన్న పేరు తెల్లదొరల స్పెల్లింగులో కనిపించినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. పూర్వీకుల్ని వెతుక్కునేవాళ్ళు ఉత్తరాలు పెట్టుకునే ఒక బోర్డు దొరికింది. అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఎవరెవరో తమ కాస్టిగన్ల కోసం అడుగుతున్నారు. ఉమ కూడా రాసింది. నాలుగు లైన్ల ఇంగ్లీషుకి రెండు రోజులు తీసుకుంది. కార్క్ జిల్లా నుంచి ఇండియా వచ్చి ఉప్పుశాఖలో పనిచేసిన జేమ్స్ కాస్టిగన్ గురించి తెలిసినవారు దయచేసి రాయగలరు, నేను ఆయన కొడుకు కూతుర్ని.

"అమ్మా, అయితే మనం ఆంగ్ మో నా?" అంది ప్రణవి, స్కూలు నుంచి వచ్చి ఆమె భుజం మీంచి చూస్తూ. ఇక్కడి పిల్లలు తెల్లవాళ్ళని అలాగే అంటారు. అంతలోనే తనే జవాబు చెప్పుకుంది. "నో లా! నీ ఫేస్ చూడు, యూ లుక్ లైక్ కర్రీ పఫ్ ఆంటీ!"

ఉమ పగలబడి నవ్వింది. మంగతాయారు మాత్రం నవ్వలేదు. "నవ్వుతారేంటమ్మా, దొరల రక్తం దొరల రక్తమే. నేను మొదటిరోజే అనుకున్నాను, ఈ పిల్లలో ఏదో కళ ఉందని" అంది. ఉమ తిరిగి చూసింది. ఆ మొహంలో వెటకారమేమీ లేదు, నిజంగానే అంటోంది. మొదటిరోజు ఈ మనిషే వంటింట్లో, "ఆ పిల్లికళ్ళు ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగట్లేదురా" అని కొడుకుతో అన్నది. అది ఉమకి ఎంత బాగా గుర్తుందో ఆవిడ అంత బాగా మర్చిపోయింది. ఆ ఆదివారం తెలుగువాళ్ళ పూజలో మంగతాయారు పదిమందిలో ఉమ గడ్డం పట్టుకుని పైకెత్తి, "మా కోడలి కళ్ళు చూశారా, వాళ్ళ తాతగారు ఐర్లండు దొర" అని చెప్పింది. ఉమ గడ్డం ఆవిడ చేతిలో ఉండగా, రొయ్యల్ని బేరమాడేటప్పుడు తాను వాటిని ఇలాగే పైకెత్తి చూస్తానని అనుకుంది.

పదకొండో రోజు జవాబొచ్చింది. రాసినామె పేరు నోరా. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన టీచరు, ఊళ్ళో లైబ్రరీలో కూర్చుని రాస్తున్నానంది. "జేమ్స్ మా పెదనాన్న. మీరెవరో నాకు తెలుసనుకుంటున్నాను. ఎప్పటికో ఒకప్పటికి ఆ దేశం నుంచి ఎవరో ఒకరు రాస్తారని మా నాన్న అంటుండేవాడు." ఆమె ఒక ఫొటో కూడా పంపింది. తెర మీద పైనుంచి కిందికి మెల్లగా దిగింది. ముందు ఆకాశం, తర్వాత టోపీ, తర్వాత కళ్ళు. నాన్న కళ్ళు. ఆ మనిషి ఒక తెల్లటి గుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. మంచు అని ఎవరైనా అనుకుంటారు. అది ఉప్పు. గుట్ట మీద తాటాకులు కప్పుతూ వంగిన ఆడవాళ్ళు ముగ్గురు ఉన్నారు, మొహాలు లేవు, వీపులే. అందులో ఒకటి బాలనాగమ్మదేమోనని ఉమ కళ్ళు నొప్పెట్టేదాకా చూసింది.

తర్వాతి వారం నోరా చెప్పిన చోట వెతికితే విశాఖపట్నం చర్చివాళ్ళ బాప్టిజం పుస్తకంలో ఒక వరస దొరికింది. పందొమ్మిది వందల ముప్పై ఒకటి. తేదీ నాన్న సర్వీసు పుస్తకంలో ఉన్న పుట్టినతేదీయే. పిల్లవాడి పేరు జాన్. అందుకే నాన్న జె. సింహాచలం అయ్యాడు, ఆ జె ఏమిటని అడిగితే ఇంటిపేరనేవాడు. తండ్రి, జేమ్స్ కాస్టిగన్, ఉప్పుశాఖ ఇన్‌స్పెక్టరు. తల్లి, ఆయన భార్య మార్గరెట్.

ఉమ ఆ వరస మూడుసార్లు చదివింది. బాలనాగమ్మ పేరు ఎక్కడా లేదు.

ఏమిటిదని నోరాకి రాసింది. నోరా వారం రోజులు ఊరుకుని, అటక మీద పెట్టెలోంచి తీసిన ఒక ఉత్తరాన్ని పంపింది. పందొమ్మిది వందల ముప్పై నాలుగులో మార్గరెట్ నౌపడా వదిలి ఓడలో తిరిగి వస్తూ తన తోడికోడలికి, అంటే నోరా వాళ్ళమ్మకి, రాసినది. అంచులు పోయాయి గానీ మధ్యలో బాగానే కనిపిస్తోంది. "పిల్లవాణ్ణి ఆయా దగ్గర వదిలి వచ్చాం. పసితనంలో ఎవరూ కనిపెట్టలేనట్టు ఉండేవాడు. మూడేళ్ళు వచ్చేసరికి ఎండకి అసలు రంగు బయటపడిపోయింది. అక్కడ మీకందరికీ ఏమని చెప్పుకోగలం? ఆయాకి వాడంటే ప్రాణం, వాడూ దాన్నే అంటిపెట్టుకుని ఉంటాడు. జేమ్స్ ఈ సంగతి ఎత్తడం లేదు."

స్టవ్ మీద పప్పు పొంగి పారింది. ఉమ లేవలేదు. సింహాచలం చనిపోయేదాకా తన తల్లిని ఆయా అనే పిలిచాడు. ఆయా, అన్నం పెట్టు. ఆయా, మందేసుకున్నావా? చిన్నప్పుడు ఉమ అడిగితే, "అలవాటైపోయిందమ్మా" అనేవాడు. ఊళ్ళో ఒక్కొక్కరు తల్లిని ఒక్కోలా పిలుస్తారు, ఇదీ అంతే అనుకుంది. ఇప్పుడు తెలిసింది. కన్నకొడుక్కి పాలిచ్చినందుకు ఆమెకి జీతమిచ్చారు. వాడిని అమ్మా అని పిలవనివ్వకుండా పెంచమన్నారు. దొరసాని లోపల కూర్చుని ఉంటే ఆమె గుమ్మం అవతల నేల మీద కూర్చుని, తన రొమ్ము తన కొడుక్కి డ్యూటీ ప్రకారం ఇచ్చింది. పనికిరాడని తేలాక సామాను సర్దుకుంటూ వదిలేసిన పాత కుర్చీలా వాణ్ణి ఆమెకి వదిలేశారు. అప్పటికి వాడి నోటికి ఆ మాట అతుక్కుపోయింది. ఆమె దిద్దలేదు. ఎందుకు దిద్దలేదు? బహుశా ఆ పేరుతోనైనా పిలుస్తున్నాడు, చాలనుకుందా?

కన్నది బాలనాగమ్మేనని ఉమకి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఆమె చివరి రోజుల్లో ఉమ పురిటికి పుట్టింట్లో ఉంది. నిండు కడుపుతోనే ముసలామెకి నీళ్ళు పోసేది. బాలనాగమ్మ కడుపు మీద, ఎండిన చెరువు అడుగులా ముడతలు పడిన ఆ చర్మం మీద, వెండిదారాల్లా చారలు ఉండేవి. ఉమ వాటి మీద సున్నిపిండి రాస్తుంటే, "అవి పోవే. మీ నాన్న రాసెల్లిన సంతకాలవి" అని బోసినోటితో నవ్వింది. ఆమెకి వేరే పిల్లలు లేరు.

ఆ సాయంత్రం ఉమ ఉత్తరం సంగతి చెబితే శశికాంత్ ఆసాంతం విని, టేబుల్ మీద చరిచాడు.

"ఇంకేం! మన పని ఇంకా ఈజీ అయిపోయింది. తాతా ఐరిష్షే, నాయనమ్మా ఐరిష్షే. రికార్డు క్లీన్‌గా ఉంది."

"నాయనమ్మ బాలనాగమ్మండీ."

"ఎక్కడుంది ఆ పేరు? చూపించు. లేని పేరు ఎక్కించి ఉన్నదాన్ని ఎందుకు చెడగొట్టడం? ఆమె పేరు రాస్తే, పెళ్ళెప్పుడైంది, సర్టిఫికెట్ ఏది అంటారు. అక్కడితో సరి."

"పోయినావిడకి పేరుతో పనేంటమ్మా" అంది మంగతాయారు, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు. "పిల్ల భవిష్యత్తు చూసుకో. ఆ ముసలావిడే ఉంటే తనే చెప్పేది, రాసేయమని."

అది నిజమే కావచ్చు. బాలనాగమ్మ ఎప్పుడూ అలాగే చెప్పేది. అదే ఉమకి కోపం తెప్పించింది.

నోరాని అడిగింది. నోరా ఎంతో మంచిది. ఆమె కూడా అదే రాసింది. "మార్గరెట్‌కి పిల్లలు పుట్టరని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా కాగితం మీద ఆమె పేరుంది. కాగితం ఏమడిగితే అదే ఇచ్చెయ్, తల్లీ. మా వాళ్ళు మీకు చేసినదానికి నేను చేయగలిగిన సాయం ఇదొక్కటే. నీ కూతుర్ని తీసుకుని రా, నా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి." ఆ ఉత్తరం చదివి ఉమ చాలాసేపు ఏడ్చింది. ఇంతవరకూ ఎవరూ ఆమెకి గది ఇస్తాననలేదు. ఆ గదిలోకి వెళ్ళాలంటే గుమ్మం బయట ఎవరిని వదిలి వెళ్ళాలో మాత్రం అందులోనే రాసి ఉంది.

ఆ శుక్రవారం శశికాంత్ కూడా అట్టపెట్టెతో వచ్చాడు. అందులో ఒక కప్పు, ప్రణవి బొమ్మ గీసిన కార్డు, రెండు పుస్తకాలు ఉన్నాయి. బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. పాసు రద్దయ్యాక ఉండనిచ్చేది నెలరోజులే. ఉమ మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

"ఉమా, నాకు ముప్పైతొమ్మిది. ఇక్కడ ఎవడూ తీసుకోడు. ఇండియా వెళితే నా కంటే పదేళ్ళు చిన్నవాడి కింద చేయాలి. నువ్వొక్క సంతకం పెడితే అందరం ఒడ్డున పడతాం" అన్నాడు. ఆమె ఎప్పుడూ అతన్ని అలా చూడలేదు. జాలి కలిగింది. జాలి కలిగినప్పుడల్లా తాను ఏదో ఒకటి వదులుకుంటూ వచ్చిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం అలాగే వదిలింది, అతనికి ఇక్కడ మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు.

గోపీకృష్ణకి తెలిసిన ఏజెంటొకడు ప్రమాణపత్రం తయారుచేసి పంపాడు. సింహాచలం చిన్నప్పటి బడి రికార్డులో సంరక్షకురాలు బాలనాగమ్మ అని ఉంది, దానికి సంజాయిషీ కావాలట. ఉమ పేర అందులో పదకొండు పేరాలు. నాన్నగారి తల్లి పేరు అన్నచోట మార్గరెట్ కాస్టిగన్ అని ముందే టైపు చేశారు. ఏడో పేరా ఇలా ఉంది. "పైన పేర్కొన్న బాలనాగమ్మ మా తాతగారింట్లో జీతానికి పనిచేసిన పనిమనిషి మాత్రమే. ఆమెకి మా నాన్నగారితో గానీ నాతో గానీ ఎటువంటి రక్తసంబంధమూ లేదు."

ఉమ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుని, పప్పు ఉడికినంతసేపూ చదివింది. అబద్ధం ఎంత శుభ్రంగా ఉంటుందో! ఒక్క కొట్టివేత లేదు.

సోమవారం పొద్దున ప్రణవిని బడికి పంపి ఇద్దరూ బయల్దేరారు. చైనాటౌన్‌లో పాత భవనం రెండో అంతస్తులో ప్రమాణాలు చేయించే లాయరు ఆఫీసు ఉంది. తమిళాయన, పెద్దవాడు, తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులు. ముందున్న చైనా దంపతులని ఏదో అడిగాడు, వాళ్ళు తలూపారు, ముద్ర వేశాడు. మొత్తం ఒక నిమిషం పట్టలేదు. శశికాంత్ ఉమ చెవి దగ్గర, "అంతే, చూశావుగా. తలూపు చాలు" అన్నాడు.

వాళ్ళ వంతు వచ్చింది. పెద్దాయన కాగితాలు తిరగేసి, ముద్ర కోసం సొరుగులో చెయ్యి పెట్టి, అలవాటైన ఇంగ్లీషులో అడిగాడు. "ఇందులో ఉన్నదంతా చదివారా? అర్థమైందా? ఇదంతా నిజమేనని ప్రమాణం చేస్తున్నారా?"

"చదివింది సార్" అన్నాడు శశికాంత్.

పెద్దాయన కళ్ళజోడు మీంచి చూశాడు. "నేను మేడమ్‌ని అడుగుతున్నాను."

ఉమ కాగితాలు తన వైపు లాక్కుంది. ప్రణవి స్కూలు బ్యాగు గుర్తొచ్చింది. నెలరోజుల్లో ఆ బ్యాగు ఏ ఊరి బడికి పోతుందో తెలియదు. తెనాలి ఇంట్లో తను మళ్ళీ ఆ వంటింట్లో, ఈసారి అందరి తిట్లూ తన వల్లే అన్న లెక్కలో. ఈ మనిషి జీవితాంతం ఎత్తిపొడుస్తాడు, అందులో కొంత న్యాయం కూడా ఉంటుంది. నోరా రెండు గదులూ ఖాళీగానే ఉండిపోతాయి. ఇవన్నీ ఆమె ముందే, నెమ్మదిగా, ఒక్కటీ దాచుకోకుండా అనుకుంది. భయం పోలేదు. భయంతోనే నోరు విప్పింది.

"ఏడో పేరా నిజం కాదండీ."

"ఉమా!" శశికాంత్ తెలుగులో గొంతు తగ్గించాడు. "ఇక్కడ కాదు. ప్లీజ్. పిల్ల మొహం చూసైనా..."

ఆమె అతని వైపు చూసింది. కోపంగా కాదు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, ఆ కాగితం ఆయన ముందుకు జరిపి, ఏడో పేరా కింద వేలు పెట్టింది.

"ఆమె పనిమనిషే. జీతం తీసుకున్న మాటా నిజమే. బాలనాగమ్మ మా నాన్నని కన్నది కూడా. అది రాయండి, దాని కింద సంతకం పెడతాను."